నిలబెట్టి తీసిన కొలత

నర్సీపట్నం,
ఆదివారం.

గోపి బావకి,

ప్రేమ ఉంది కాబట్టే ఈ కాగితం. లేకపోతే ఇంత కోపం ఎందుకొస్తుంది నాకు?

చేతిలో ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుతావు. నవ్వుకో. నేను చేసిన స్టూలు వీడియో పంపి, ఎలా ఉందో చెప్పమని ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్లో పెట్టావు. పెట్టినట్టు నాకు చెప్పలేదు. ఒక కాలు పొట్టిగా వచ్చింది, కింద అట్టముక్క పెట్టాను అని నేను చెబుతుంటే నీ వెనకాల సైటువాళ్లందరూ పకపకా నవ్వారు. "వదినా, కూర్చునేవాళ్లకి హెల్మెట్ కూడా ఇస్తావేటి?" అని ఎవడో అరిచాడు. నువ్వూ నవ్వావు. అందరికంటే గట్టిగా నవ్వావు. నేను ఫోన్ పెట్టేస్తే సిగ్గుపడ్డాననుకున్నావు. సిగ్గు కాదు బావా. మర్నాడు గోడౌన్లో టైల్స్ మోస్తున్నా చెవుల్లో అదే నవ్వు. ఆ రోజే అనుకున్నాను, ఇకనుంచి నీతో ఏం చెప్పినా కాగితం మీదే చెబుతానని. కాగితాన్ని స్పీకర్లో పెట్టలేవు కదా.

హైదరాబాదులో ఎవరెవరి ఫ్లాట్లకో మాడ్యులర్ కిచెన్లు బిగిస్తున్నావు. వాళ్ల గరిటెలకి కూడా ఒక సొరుగు. తోస్తే చప్పుడు లేకుండా మూసుకుంటుందని నాకు వీడియో కూడా పంపావు. ఇక్కడ మీ అమ్మ గచ్చు మీద పడుకుంటోంది. తుంటి ఎముక విరిగి రాడ్డు వేసిన మనిషి. నేల మీద పడుకోకూడదు, గొంతుక్కూర్చోకూడదు అని డాక్టరుగారు చెబుతుంటే పక్కన నిలబడి తల ఊపింది నువ్వే. "నేనొచ్చి మంచి ప్లైవుడ్ మంచం చేసేస్తానమ్మా" అన్నావు. ఉగాదికి వస్తానన్నావు. తరవాత ఈ సైటు అయిపోగానే అన్నావు. ఇప్పుడు ఇంకేదో ఫ్లాటు తాళాలు అప్పగించగానే అంటున్నావు. పోనీ బజార్లో మడతమంచం తెద్దామా అంటే అది నడుం దగ్గర గొయ్యి పడుతుంది. అందులోంచి అత్తని లేపడమంటే బావిలో పడ్డ బిందెని పైకి లాగడమే.

నీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. అత్త మంచినీళ్లు తాగడం మానేసింది. నేను పనికి వెళ్లాక తాగితే లేవాల్సొస్తుందని, లేపేవాళ్లు ఉండరని. నేల మీంచి లేస్తే కదా, మూలనున్న వాకర్ పట్టుకునేది. చెంబు నిండుగా పెట్టి వెళ్తాను, వచ్చేసరికి నిండుగానే ఉంటుంది. "దాహం నేదే" అంటుంది. ఈ ఎండల్లో దాహం లేకపోవడమేమిటి? పెదాలు పగిలిపోయాయి. నీకు ఫోన్లో "బాగానే ఉన్నాన్రా" అని చెబుతుంది. అబద్ధం.

అందుకని మంచం నేనే చేస్తున్నాను. మా షాపుకి టైల్స్ వచ్చే చెక్కపెట్టెలు గోడౌన్ వెనక పడేస్తారు కదా, అవి అడిగాను. "ఏటమ్మా, కట్టెలపొయ్యి పెట్టావేటి?" అన్నారు మా ఓనరు మన్మథరావుగారు. మంచానికండీ అన్నాను. "పేకింగ్ చెక్కతో మంచమా!" అని ఆయనా నవ్వారు. నవ్వినా ఇచ్చారు, నువ్వు నవ్వి ఊరుకున్నావు. కాళ్లకి సరుగుడు కర్రలు దొరికాయి. పెట్టెల మేకులు పీకి, వంకర్లు రోటి మీద పెట్టి కొట్టి సాపు చేస్తున్నాను. ఎడమ చేతి వేళ్లు నల్లగా కమిలిపోయాయి.

నీ పనిముట్ల పెట్టె తాళం పగలగొట్టాను. ముట్టుకోవద్దన్నావు. ముట్టుకున్నాను. రంపానికి తుప్పు పట్టి ఉంటే నూనె రాసి తుడిచింది కూడా నేనే. పెళ్లైన కొత్తలో నేర్పుతానన్నావు, తరవాత ఆడదానికి ఆ పనెందుకన్నావు. సరే, ఎవరూ నేర్పక్కర్లేదు. వీడియోలు చూసి, తప్పు కోసి, మళ్లీ కోసి నేనే నేర్చుకుంటున్నాను.

నీ మీద మండిపోతూ, అయినా నీదాన్నే,
భవాని


నర్సీపట్నం,
శుక్రవారం.

బావా,

అన్నం వేళకి తింటున్నావా? అదొక్కటే మంచిగా అడుగుతాను. మిగతాదంతా పోట్లాటే.

మంచం అయిపోయింది. చెక్కలన్నీ చిత్రిక పట్టి, చెయ్యి వేస్తే పేడు గుచ్చుకోకుండా గరుకు కాగితంతో రుద్దాను. తలవైపు అత్త చుట్టలకి చిన్న అర పెట్టాను, నుసి దులుపుకోవడానికి దాని పక్కనే ఒక రేకు డబ్బా. పట్టుకుని లేవడానికి ఒక పక్క పాత పారకున్న కామ కర్ర నిలువుగా బిగించాను. నేనెక్కి గెంతాను. కిర్రుమనలేదు. ఇంత చేస్తే ఆ మంచం మీద ఇప్పుడు నా బట్టలు ఆరుతున్నాయి. మీ అమ్మ నేల మీదే ఉంది.

ఏం జరిగిందో చెబుతాను, తిట్టడం తరవాత. చెక్కలు కోసే ముందు పొడవు కావాలి. పడుకునే మనిషిని కొలిచి ఒక జానెడు ఎక్కువ పెట్టుకోమని వీడియోలో చెప్పాడు. అత్త మధ్యాహ్నం నిద్రలో ఉంది. వెల్లకిలా, కాళ్లు చాపి. లేపడమెందుకని ఒక తాడు తెచ్చి తల దగ్గర్నుంచి మడమల దాకా పట్టి, అక్కడొక ముడి, ఇక్కడొక ముడి వేశాను. సరిగ్గా అప్పుడే పక్కింటి పుష్పవతి మజ్జిగకి వచ్చింది.

గుమ్మంలోనే గిన్నె వదిలేసింది. "ఓలమ్మో ఓలమ్మో! బతికున్న మనిసిని తాడేసి కొలుత్తన్నావేటే! పాడికి కొలిసినట్టు!"

నాకు అప్పుడు గుర్తొచ్చింది బావా. మనలో పడుకోబెట్టి కొలిచేది ఒక్కసారే. మా తాతయ్యకి పాడె కట్టే వెదురు కోసేముందు అలాగే కొలిచారు, నేను చూశాను. ఆ క్షణంలో నా బుర్రలో మంచం తప్ప ఇంకేం లేదు. అత్త కళ్లు తెరిచింది. తాడు ఒక కొస నా చేతిలో, ఒక కొస ఆవిడ పాదాల దగ్గర. ఆవిడ దాన్నే చూసింది. తిట్టినా బాగుండేది.

సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. కుళాయి దగ్గర నేను బిందె పెడితే వెనకనుంచి "పాడి కొలిసిన కోడలు" అంటున్నారు. కామమ్మ అయితే మొహం మీదే అడిగింది, "అత్తని బేగి పంపీడానికేటి, అంత తొందర నీకు?" అని. బిందెలో నీళ్లు ఆవిడ మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. ఇంటికొచ్చి మేకులు కొట్టాను.

అత్తని బతిమాలాను, కేకలేశాను, కాళ్లు కూడా పట్టుకున్నాను. "నన్ను కొలిసీసేవు పిల్లా. ఆ మంచం ఎక్కితే నాను మరి దిగను" అంటుంది. అది నా మీద కోపంతో అనడం లేదు బావా, భయంతో అంటోంది. ఆవిడ భయపడటం నేనెప్పుడూ చూడలేదు.

నువ్వు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పు. "అమ్మా, ఆ మంచం ఎక్కు" అను చాలు. కొడుకు మాట వింటుంది. నా స్టూలుని చూసి నవ్వావు, దాన్ని నేను మర్చిపోతాను, ఈ ఒక్కటీ చెయ్యి. పక్కన ఎవరూ లేనప్పుడు చెయ్యి.

ఎదురుచూస్తూ,
నీ భవాని


నర్సీపట్నం,
మంగళవారం.

బావా,

ఫోన్ చేశావట. అత్తతో మాట్లాడావట. నేను గోడౌన్ నుంచి వచ్చేసరికి మాట్లాడటం అయిపోయింది. ఏమన్నాడత్తా అని అడిగితే గోడకి తిరిగి పడుకుంది. పుష్పవతి చెప్పింది, ఆవిడ ఫోనుకే చేశావు కదా. "ఆ పెట్టెచెక్కల మంచం ఎక్కకమ్మా, విరిగితే మళ్లీ పడతావు. దానికి బుద్ధి లేదు. నేనొచ్చి అసలైన మంచం చేస్తాను" అన్నావట.

బుద్ధి లేనిదాన్నే. బుద్ధుంటే నీకు ఉత్తరాలు రాస్తానా?

ఆవిడ నోరెండబెట్టుకుని పడుకుంటే చెంబుతో నీళ్లు తాగించేది నేను. లేపేది నేను, కడిగేది నేను. మంచం ఎక్కాలో వద్దో చెప్పేది నువ్వు, అదీ హైదరాబాదు నుంచి. చాలు. ఈ సాయంత్రం ఆ మంచాన్ని ముక్కలు కోసేస్తాను. టీకొట్టువాళ్లు పొయ్యిలో పెట్టుకుంటారు, అక్కడైనా పనికొస్తుంది. రేపు నేను పాయకరావుపేట వెళ్లిపోతున్నాను, మా అమ్మ దగ్గరకి. నువ్వు రా. వచ్చి మీ అమ్మ చెయ్యి పట్టుకుని లేపు. నీ అసలైన మంచం చేసుకో.

ఇదేదో బెదిరింపనుకోకు. పోస్టు డబ్బాలో వేసి తిరిగొచ్చి రంపం తీస్తున్నాను.

గంగాభవాని


నర్సీపట్నం,
సోమవారం.

గోపి బావకి,

పాయకరావుపేట వెళ్లలేదు. చేతిరాత చూసి నీకు తెలిసే ఉంటుంది, ఇది స్థిమితంగా కూర్చుని రాస్తున్నది. దేని మీద కూర్చున్నానో తరవాత చెబుతాను.

ఆ సాయంత్రం రంపం తీసి మంచం కాలు మీద పెట్టాను. ఒక గాటు పడింది కూడా. వెనకాల ఏదో ఈడ్చుకొస్తున్న చప్పుడు. తిరిగి చూస్తే అత్త. చేతుల మీద, గచ్చు మీద పాక్కుంటూ వచ్చింది.

"దించు. రంపం దించు ముందు."

"ఎక్కవు కదా, నీకెందుకు?" అన్నాను. అలాగే అన్నాను, నాకు అప్పుడు అత్తా లేదు, గిత్తా లేదు.

"నాను నేల మీద పడిపోయేను గానీ నా సెవులు పడిపోనేదే. ఆడు ఫోన్ల మాటాడతంటే ఎనకాల మగోళ్లు నవ్వుతన్నారు. పాడి మంచం, పాడి మంచం అని. ఆళ్లకెలా తెలిసింది? ఆడే సెప్పుంటాడు." కాసేపు ఆయాసపడింది. "ఆ నవ్వినోళ్లలో నా కొడుకు నవ్వు నాకు తెల్దేటే?"

నేను రంపం దించేశాను. స్పీకర్ సంగతి నేను ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు బావా. నువ్వే వినిపించావు.

"నా పేరు సెప్పి నా కోడల్ని నవ్వులపాలు సేత్తాడేటి ఆడు!" అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఏడవనివ్వలేదు. "ఏడుపు తర్వాత. ముందు నన్ను కొలు. పడుకోబెట్టి తీసినది సచ్చినోళ్ల కొలత. నిలబెట్టి తియ్యి. అది బతికున్నోళ్లది."

"నువ్వు నిలబడలేవత్తా."

"నువ్వున్నావు కదేటి."

ద్వారబంధానికి ఆనించి నిలబెట్టాను. ఒక చెయ్యి గుమ్మం నిలువు కర్ర మీద, ఒక చెయ్యి నా భుజం మీద. వేళ్లు భుజంలోకి దిగబడుతున్నాయి. తల దగ్గర్నుంచి మడమ దాకా కొత్త తాడు జార్చాను. చెమటలు కారుతున్నాయి ఆవిడకి, పళ్లు బిగబట్టి నిలబడింది. కొలవడం అవగానే పాత ముళ్ల తాడు ఏదని అడిగింది. ఇస్తే చుట్ట వెలిగించి, ఆ నిప్పుతోనే కొసన అంటించింది. కాలిపోయేదాకా చూసింది.

అప్పుడు మంచం మీద కూర్చోబెట్టాను. కాళ్లు నేలకి అందలేదు. గాల్లో వేలాడుతున్నాయి.

"ఏటే, నన్ను ఉయ్యాలెక్కించేవా?" అంది.

అక్కడ తెలిసింది నా అసలు తప్పు. పొడవు కోసం వీధంతా గోల పెట్టించుకున్నాను గానీ ఎత్తు ఆవిడకి కొలవనే లేదు. వీడియోలో మంచం ఎత్తే పెట్టేశాను. మీ అమ్మేమో పొట్టి మనిషి. పొడవు ఎంతుంటే ఏం, పాదాలు ఆనకపోతే లేవడమెలా? ఆ రోజు ఆవిడ భయపడకుండా ఎక్కేసి ఉంటే, నేను లేనప్పుడు దిగబోయి కచ్చితంగా మళ్లీ పడేది. మంచం విరిగి కాదు బావా, నా కొలత వల్ల. నువ్వన్నది ఆ పాటి నిజం. ఇంతకు మించి ఒప్పుకోను.

మళ్లీ నిలబెట్టి, మోకాలి వెనక మడత నుంచి నేల దాకా కొలిచాను. ముక్కలు చెయ్యడానికి తీసిన రంపంతోనే నాలుగు కాళ్లూ కోశాను. నేను పెట్టిన గాటు కోసిన ముక్కతోపాటే పోయింది. తరవాత పళ్లెంలో నీళ్లు పోసి మంచం మధ్యలో పెట్టాను. నీళ్లు ఏ పక్కకీ ఒరగలేదు. కింద అట్టముక్క లేదు. రాసుకో.

ఆ రాత్రి నుంచి అక్కడే పడుకుంటోంది. మొదట రెండు రోజులు నేను పట్టుకునే లేపాను, పార కామ మీద నమ్మకం కుదరలేదు. మొన్న పనినుంచి వచ్చేసరికి మంచం ఖాళీ. పెరట్లో లేదు, వంటింట్లో లేదు. చెంబు మాత్రం ఖాళీగా ఉంది. ఇంతలో పక్కింటి గోడ దగ్గర్నుంచి వినిపించింది: "నాకు పాడి కొలిసిందంటావేటే? నడిసొచ్చేను, సూడు! నీకూ ఒకటి కొలిపించమంటావేటి?" వాకర్ పట్టుకుని, నోట్లో చుట్టతో పుష్పవతి గుమ్మంలో నిలబడి ఉంది మీ అమ్మ. పుష్పవతి మజ్జిగ గిన్నె కింద పెట్టి కుర్చీ తెచ్చి వేసింది.

నా మూడో ఉత్తరం అంది పరిగెత్తుకొస్తున్నావని, శనివారం రైలెక్కి యలమంచిలిలో దిగి బస్సెక్కుతానని మెసేజ్ పెట్టావు. రా. పువ్వులు, స్వీట్లు వద్దు, ఒక మంచి డ్రిల్ పట్టుకురా. కామమ్మ కూడా వాళ్ల నాన్నకి ఇలాంటి మంచం కావాలంది, మొహం చెల్లక అత్తతో చెప్పించింది. చేస్తాను. ముందు మొహం మీదే అడగమన్నాను, కుళాయి దగ్గర అడిగినట్టు. నీ పనిముట్ల పెట్టెకి కొత్త తాళం వేశాను, తాళంచెవి నా దగ్గరుంటుంది.

నేను కూర్చుని రాస్తున్నది ఆ మంచం చివరే. అత్త వెనకాల గురకపెడుతోంది. నిన్న ఆ స్పీకర్ సంగతి కూడా ఆవిడకి చెప్పేశాను. పడుకునే ముందు నీకొక కబురు రాయమంది, చెప్పినట్టే రాస్తున్నాను: "ఆడొచ్చేక ఈ మంచం మీద కూకోబెట్టు. ఆ నవ్వినోళ్లందరికీ ఫోన్ సెయ్యమను. ఆ పీకరేదో పెట్టమను. నాను మాటాడతాను."

ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుని రా.

నీ భవాని