అయిదు స్పీకర్లు, ఒక బాస్ డబ్బా, వాటాల్లేవు

మీరు దొంగలు. నేను పిత్తాశయంలో రాళ్లు తీయించుకుని వనపర్తి దవాఖానలో మూడు రోజులు పడుకుంటే, ఆ మూడు రోజుల్లోనే నా హోమ్ థియేటర్‌ను పంచుకున్నారు. ముందు స్పీకర్లు కొడుకు శ్రవణ్ కుమార్‌కు, వెనకవి కూతురు మమతకు, బాస్ డబ్బా మా అన్న శివశంకర్‌కు! మధ్య స్పీకర్ ఒక్కరికీ గుర్తు రాలేదు. సినిమాలో మనుషుల మాటలన్నీ వచ్చేది దాంట్లోంచేరా! మీ అమ్మ కూడా గుర్తు రాలేదు.

కాబట్టి గద్వాల వాస్తవ్యుడు, కీ.శే. రామస్వామి కుమారుడు, చేనేత కార్మికుడు, యాభై మూడేళ్ల రాఘవేందర్ అను నేను, బుద్ధీ చెవులూ సక్రమంగా పనిచేస్తుండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా స్వార్జితం గురించి నా చేతితో రాస్తున్న వీలునామా ఇది.

1. యాంప్లిఫయర్ వనపర్తి రిపేరు దుకాణంలో దుమ్ములో దొరికింది. ముందు స్పీకర్లు పెబ్బేరు సంతలో ఒక మైకుసెట్టు ఆయన దగ్గర, ఎడ్ల మధ్య నిలబడి బేరమాడి కొన్నాను. అట్టపెట్టె మూల ఒక ఎద్దు నమిలింది. మిగతావి ఏడాది పొడుగునా ఒక్కొక్కటే చేరాయి. సినిమా హాలు బంగళాలోనే ఉండాలని ఎవడు రాసిపెట్టాడు? మొత్తం సెట్టు నా భార్య సౌందర్యకు చెందుతుంది.

2. కారణం చెబుతాను. అప్పటికి రెండే స్పీకర్లు. చీరకు రెండంచులూ ఎదురెదురుగా ఒకేలా ఉంటాయి గనక, ఎర్ర తీగను రెండింటికీ బయటి వైపే బిగించాను. బాస్ దరువు మాయం. గొంతులు గోడలోంచి వచ్చినట్టున్నాయి. పన్నెండు రోజులు ఆ మైకుసెట్టు ఆయన్ను దోపిడీదారుడని తిట్టాను, నాలుగు పేజీల బహిరంగ లేఖ కూడా రాశాను. సౌందర్య స్పీకర్ల వెనక్కి వంగి చూసి, "ఏందయ్యా, సీరంచు లెక్క కట్టినవ్? ఒకదానికి ఎర్ర తీగ నలుపు మీద వడ్డది. ఎరుపు మీద ఎరుపు పెట్టు" అంది. పెట్టాను. కిటికీ రెక్కలు గడగడలాడాయి! నేను మంచమెక్కి గంతులేశాను. ఆ లేఖను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను.

3. సినిమా పడే తెర కూడా ఆమె నేసిందే. జరీ లేదు, అంచు లేదు, తెల్లటి నూలు. ముప్పై ఏళ్లలో ఆమె అమ్మకానికి కాకుండా నేసిన బట్ట అదొక్కటే. చీరలు నేసింది ఇద్దరం, చేనేత సంఘం కార్డు మీద పేరు మాత్రం నా ఒక్కడిది. ఊరందరికీ సమానత్వం ఉపన్యాసాలిచ్చిన నేను ఆ కార్డు జేబులో పెట్టుకునే ఇచ్చాను. ఈ నేరం నాది.

4. శివశంకర్‌కు నా గొడుగు. మగ్గానికెక్కే నూలు పడుగును వీధిలో చాపి, గంజి పెట్టి ఆరేసి, "టీవీ సాలదారా? గీ డబ్బాలేంది?" అని వెక్కిరించడానికే వచ్చాడు. నేను వాన సీను పెట్టాను. వెనక స్పీకర్లలో ఉరుము. "వానొచ్చె! పడుగు తడుస్తది!" అని చెప్పులు కూడా లేకుండా ఉరికాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో పడుగు మీద టార్పాలిన్ కప్పి నిలబడ్డాడు మా అన్న! తిరిగొచ్చి మెల్లగా, "జర గా వాన మల్ల పెట్టు" అన్నాడు. అందుకే గొడుగు, ప్రేమతో.

5. దీన్ని అమలుచేసే బాధ్యత ఎదురింటి లక్ష్మీదేవమ్మది. మీ అందరిలో ఒక్క స్పీకరూ అడగనిది ఆమె.

నా డిమాండ్లు:

— సెట్టును విడదీయొద్దు.
— ఆదివారం తలుపు వీధికంతా తెరిచి ఉండాలి. హోదా చూసి కుర్చీ వేయొద్దు.
— అన్ని శబ్దాలూ కలిసే నడిమి కుర్చీ సౌందర్యది. ఆమె రాకపోతే ఖాళీగా ఉండాలి.
— సంఘం కార్డు మీద ఆమె పేరు ఎక్కాలి. దీనికి నా చావు దాకా ఆగొద్దు; రేపే దరఖాస్తు ఇస్తున్నాను.
— నేను పోయిన రోజు ఏడుపులు వద్దు. వాన సీను పెట్టండి, ఫుల్ సౌండు.
— శివశంకర్ బయటికి ఉరికితే ఆపొద్దు.

తేది: 14 సెప్టెంబరు 2025, ఆదివారం
గద్వాల

(సంతకం) రాఘవేందర్

సాక్షులు:
1. హన్మంతు, వడ్రంగి, స్పీకర్ స్టాండ్లు చేసినవాడు
2. బాలరాజు, కరెంటు పనివాడు