మీరు పంపిన సెన్సార్లు వాపసు

బాన్సువాడ,
గురువారం.

సహజ నాన్నగారికి,

గంగామణి రాయునది. ఇక్కడ అత్తమ్మ, సహజ, నేను ముగ్గురం బాగానే ఉన్నాం. మేం బాగున్నామో లేదో మొన్నటిదాకా మస్కట్‌లో కూర్చుని ఫోన్‌లో చూస్తూనే ఉన్నారు కాబట్టి ఈ మాట మీకు కొత్త కాదు. అయినా రాస్తున్నాను. మీకు కనపడినదానికీ ఇక్కడ జరిగినదానికీ చాలా తేడా ఉంది.

బాలరాజ్ అన్న సోమవారం వచ్చి మీ ఉత్తరం, దాంతోపాటు ఒక డబ్బా ఇచ్చి పోయాడు. గదిలో ఎనిమిది మంది ముందు ఫోన్‌లో మాట్లాడలేక ఉత్తరం రాశానన్నారు. మంచిదే. నేనూ ఫోన్‌లో చెప్పలేను. రెండో మాట ఎత్తేలోపే మీరు అరుస్తారు. కాగితాన్ని అరిచి ఆపలేరు. అన్న ఆదివారం తిరుగు ప్రయాణం, ఆయన చేతికే ఇస్తున్నాను.

నిజాంసాగర్ నీళ్ళు వదిలారు, కాలువ కింద నాట్లు పడుతున్నాయి. సహజకు ముందు పన్ను ఒకటి ఊడింది. మాట్లాడితే సందులోంచి గాలి వస్తోందని తనే నవ్వుతోంది. రేషన్ షాపులో ఈ నెల కూడా నా వేలిముద్ర పడలేదు. పన్నెండో ఏట నుంచి బీడీలు చుట్టిన వేళ్ళు, గీతలు అరిగిపోయాయి. డీలర్ మిషన్ తుడిచాడు, నా వేలు తుడిపించాడు, చివరికి "నువ్వు నువ్వేనని గీ మిషన్ ఒప్పుకుంటలేదమ్మా" అన్నాడు. కన్ను చూసే మిషన్ తెచ్చాకే బియ్యం వచ్చాయి.

ఇక మీరడిగినవాటికి జవాబులు.

"నా కండ్లు గప్పి ఎటు పోతున్నవ్? కోటగిరిల ఫంక్షన్ కాడ కెమెరా పట్టుకొని తిరిగినవట, మనోళ్ళు చూసిండ్రు. ఎవరి బండి మీద పోయినవ్?" అని రాశారు. మనోళ్ళు సరిగ్గానే చూశారు. పోయింది షేర్ ఆటోలో, పదిమంది మధ్య ఇరుక్కుని. బస్టాండు దగ్గర రాధాకుమారి గారి ఫోటో స్టూడియోలో ఏడు నెలలుగా పని చేస్తున్నాను. మీకు చెప్పకుండా ఎందుకు చేరావంటారు. చెబితే చేరనిచ్చేవారా?

నిరుడు సెలవుకు వచ్చి వెళ్తూ హాల్లో గోడకు కెమెరా, ముందు తలుపుకు సెన్సారు బిగించారు. దొంగల భయమన్నారు. తలుపు రెక్కకు ఒక ముక్క, దర్వాజ చట్రానికి ఒక ముక్క. అవి రెండూ దూరమైతే మీ ఫోన్ మోగుతుంది. మీది మోగిన నిమిషానికి నాది మోగుతుంది. పాలకు పోయినా, చెత్త వేయబోయినా "ఎటు పోతున్నవ్? ఎవరొచ్చిండ్రు?" ఒకరోజు పక్కింటి పోసవ్వ అక్క ఇంత పసుపు అడగడానికి వస్తే, "అది ఇంట్లకెందుకొచ్చింది?" అన్నారు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. ఆమె విన్నది. ఆ తర్వాత మన గడప తొక్కలేదు. దొంగలు మాత్రం ఇంతవరకు రాలేదు.

ఆ రోజుల్లోనే సహజ బడికి ఫోటో కావాలంటే స్టూడియోకు పోయాను. రాధాకుమారి గారు పెద్దావిడ. కోటగిరి దగ్గర భూములు కొనుక్కుని స్థిరపడిన ఆంధ్రావాళ్ళు. భర్త పోయాక స్టూడియో తనే నడుపుతున్నారు. నేను వెళ్ళేసరికి కెమెరా ముందు గొట్టం విప్పి, లోపల గోరంత పలక మీద దుమ్ము ఒక సన్నటి పుల్లతో తీయబోతున్నారు. చెయ్యి వణుకుతోంది.

"ఏంటమ్మా అది?" అని అడిగాను.

"సెన్సారు. ఫోటో పడేది దీని మీదేనమ్మాయ్. ఇక్కడ దుమ్ము కూర్చుంటే పెళ్ళికూతురి మొహం మీద మచ్చ. నా చెయ్యేమో ఇలా ఆడిపోతోంది" అన్నారు.

సెన్సారు అనే మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. మా ఇంట్లోనూ ఒకటుంది అన్నాను. ఆవిడ నా వేళ్ళకేసి చూశారు. "బీడీలు చుడతావా? అయితే నీ చెయ్యి వణకదు. పట్టు" అని ఆ పుల్ల నా చేతికిచ్చారు. ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక్కసారే లాగాలి, వెనక్కి తేకూడదు. ఒక్కసారికే మచ్చ పోయింది. మర్నాటి నుంచి రమ్మన్నారు. ఆడవాళ్ళ ఫంక్షన్లకు ఆడమనిషే ఫోటోలు తీయాలని అడుగుతున్నారట. వెలుతురు ఎటు నుంచి పడాలో, మనిషిని ఎక్కడ నిలబెట్టాలో అన్నీ ఆవిడే నేర్పారు. రేషన్ మిషన్ ఒప్పుకోని నా వేలు ఎవరిదని ఆ కెమెరా అడగలేదు.

తర్వాత మీ డబ్బా సంగతి. వెనక తలుపుకు ఇంకో సెన్సారు, లోపలి గదిలో ఇంకో కెమెరా బిగించాలనీ, లేకపోతే పెద్దమనుషులను కూర్చోబెట్టి నన్ను మా అమ్మగారింటికి పంపిస్తాననీ రాశారు. లోపలి గదిలో నేను బట్టలు మార్చుకుంటాను. మీ కూతురు మార్చుకుంటుంది. మీ గదిలో ఎనిమిది మంది ఉన్నారని మీరే రాశారు. ఆ ఎనిమిది మందిలో మీ భుజం మీదుగా తొంగిచూడని మనిషి ఎవరో పేరు రాయండి. సిగ్గు లేకుండా ఎలా అడిగారు? డబ్బా మూత కూడా తీయలేదు.

ఇంకా రెండు ప్రశ్నలు మిగిలాయి. "ఎప్పుడు చూసినా కెమెరాకు వీపు జేసి కూసుంటున్నవేంది? అమ్మ అసలే కనపడుతలేదు, పానం బాగలేదా?" ఈ రెండింటికీ జవాబు ఒక్కటే. రాయడానికి మూడు రోజులుగా చెయ్యి రావడం లేదు.

ఆ వీపు నాది కాదు. మీ అమ్మది.

స్టూడియో పని సంగతి నేను ముందు చెప్పింది అత్తమ్మకే. చుడుతున్న బీడీ పూర్తి చేసి చాటలో పెట్టింది. తర్వాత "నీ పచ్చ చీర ఇటియ్యి" అంది.

"ఎందుకత్తమ్మా?"

"నేను కట్టుకుంట. గా కెమెరాకు వీపు జేసి బీడీలు చుట్టుకుంట కూసుంట. నువ్వు ఎనక తలుపుకెల్లి పో."

"గుర్తు పడతడేమో!"

"పడితే మంచిదే గదా బిడ్డా" అంది.

అలా మొదలైంది. మీరు ఫోన్ చేస్తే, స్టూడియోలో నిలబడి "బీడీలు చుడుతున్నా" అని అబద్ధం చెప్పేదాన్ని. చూస్తూనే ఉన్నానని మీరనేవారు. మొదటి వారమంతా నేను ఇంటికి రాగానే అత్తమ్మ "వాడేమన్న అన్నడా?" అని అడిగేది. ఏమీ అనలేదనేదాన్ని. తర్వాత అడగడం మానేసింది.

ఇందులో మా ఇద్దరి పాత్రా ఉంది. ఇప్పుడు రాయబోయేది మాత్రం నేను ఒక్కదాన్నే చేసిన తప్పు. ఫిబ్రవరిలో ఒకరోజు సహజకు ఒళ్ళు కాలుతోంది. ఆ రోజే కోటగిరిలో మొదటిసారి ఫంక్షన్ మొత్తం నా చేతికిచ్చారు. జ్వరమని తెలిసీ, గోళీ వేసి, ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుని వెళ్ళిపోయాను. పదకొండున్నరకు పాపకు ఫిట్స్ వచ్చాయట. అత్తమ్మ ఆ పచ్చ చీరతోనే పాపను భుజాన వేసుకుని ముందు తలుపు తీసుకుని ఉరికింది. ఆటో ఆపి దవాఖానకు తీసుకెళ్ళింది. ఆ గంటలో నేను ఎవరి పిల్లనో నవ్వించి ఫోటో తీస్తున్నాను.

రెండింటికి సంచి తెరిచి ఫోన్ చూశాను. అత్తమ్మవి తొమ్మిది కాల్స్, మీవి పద్నాలుగు. దవాఖానకు పరుగెత్తాను. పాప వేలికి క్లిప్పు పెట్టి ఉంది. అందులో ఎర్ర లైటు, పక్కన డబ్బా మీద అంకెలు. నేను ఆ అంకెలనే చూస్తూ నిలబడ్డాను. పాప మొహం చూసే ధైర్యం లేదు. అత్తమ్మ నన్ను తిట్టలేదు. "వొచ్చినవా? కూసో" అంది. ఫికర్ లేదని అప్పటికే డాక్టరమ్మ చెప్పి వెళ్ళిందట.

అప్పుడు మీ ఫోన్ వచ్చింది. "ఎవర్నడిగి ముంగటి తలుపు తీసినవ్?" అన్నారు.

బిడ్డను భుజాన వేసుకుని ఒక మనిషి పరుగెత్తడం మీరు చూశారు. బిడ్డ తల వేలాడటం చూశారు. పద్నాలుగుసార్లు ఫోన్ చేసి అడిగింది తలుపు గురించి. నేను "దుకాణానికి" అని పెట్టేశాను. బిడ్డ సంగతి మీకు దాచడం నా రెండో తప్పు. రెండూ ఒప్పుకుని రాశాను. మీది మీరు చూసుకోండి.

సోమవారం మీ ఉత్తరం అత్తమ్మకు చదివి వినిపించాను. "అమ్మ అసలే కనపడుతలేదు" అన్న చోట ఆగమంది. మళ్ళీ చదవమంది. చదివాను. లేచి, ఆకు కత్తిరించే కత్తెర తెచ్చి, స్టూలు వేసుకుని ఎక్కింది. నేను పట్టుకోబోతే వద్దంది. కెమెరా మరలు తనే విప్పింది.

"ఏడు నెలల సంది వాడు పొద్దుమాపు నన్నే చూసిండు. అయినా నేను కనపడుతలేనట" అంది. ఆ పూట అన్నం తినలేదు.

ఆ కెమెరా, తలుపు సెన్సారు, మూత తీయని మీ డబ్బా, అన్నీ ఒక సంచిలో కట్టి బాలరాజ్ అన్నకు ఇస్తున్నాను. లెక్క చూసుకుని తీసుకోండి. పెద్దమనుషులను తప్పకుండా పిలిపించండి. బీడీ కార్మికుల కాలనీలో ఈ ఇల్లు అత్తమ్మ పేరు మీద ఉంది. ఇందులో ఎవరుండాలో, ఎవరు పోవాలో వాళ్ళ ముందు తనే చెబుతానంటోంది. మీరు కూడా రావాలట.

పాపకు మళ్ళీ ఫిట్స్ రాలేదు. జ్వరం వస్తే ఎప్పుడు ఏం చేయాలో డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం గోడకు అంటించాం. జ్వరమున్న రోజు నేను కదలను, రాధాకుమారి గారికి చెప్పేశాను. మిగతా రోజుల్లో పదింటికి పోతాను, అయిదింటికి వస్తాను.

ఫోన్ చేయండి, అత్తమ్మతో మాట్లాడండి, పాపతో మాట్లాడండి. నాతో మాట్లాడాలనుకుంటే మాత్రం, ఆ రోజు నేను దవాఖానలో ఉండగా, తలుపు గురించి కాకుండా నన్ను అడగాల్సిన మాట ముందు అడగండి. అదేమిటో నేను చెప్పను.

ఇట్లు,
మీ అమ్మ కోడలు, సహజ తల్లి,
గంగామణి