ఆగని గుండీల ఆట

చిట్టితల్లికి,

పిన్ని దీవెనలు. నువ్వు చేసి పంపిన కంప్యూటరు ఆట అందింది. దేవుడు నిన్ను చల్లగా చూడాలి. కట్టు విప్పాక నా ఎడమ చేతి చిటికెన వేలు వంగడమే మానేసింది. అది వంగకపోతే మిషను మీద గుడ్డ నిలవదు, నా కుట్టుపని నిలవదు. ఇప్పుడు రాలే గుండీల్ని బుట్టలో పడుతుంటే మిగతా వేళ్లు హుషారుగా ఉన్నాయి. ఒకటే చిక్కు, ఆట ఆగదు. ప్లగ్గు పీకితే నీ కష్టం పాడవుతుందేమోనని తెర మీద దుప్పటి కప్పి పడుకుంటున్నాను.

నీ పిన్ని

తా.క.: పైథాన్‌తో చేశానన్నావు. బల్ల కింద చీపురు పెట్టి చూశాను. ఏమీ లేదు.

పిన్నీ,

నీ వేళ్లకు నా ముద్దులు. పైథాన్ అంటే కంప్యూటరు భాష, పాము కాదు. ఆట ఆపాలంటే క్యూ. అంతే!

నీ చిట్టి

చిట్టితల్లికి,

ఆశీస్సులు. నువ్వు చెప్పినట్టే క్యూ కట్టించాను. ముందు మీ బాబాయి, వెనక కుట్టు నేర్చుకునే అమ్మాయిలు, ఆ వెనక కొలతలివ్వడానికొచ్చిన డాక్టరమ్మ. తలుపు దాకా నిలబడ్డారు, పాపం. ఆట ఆగలేదమ్మా.

నీ పిన్ని

తా.క.: నిలబడ్డవాళ్లంతా తలా ఒక ఆట ఆడేశారు. ఇప్పుడు రోజూ వస్తున్నారు.

నా బంగారు పిన్నీ,

నవ్వలేక చచ్చాను. క్యూ అంటే ఇంగ్లీషు అక్షరం! అక్షరాల పై వరుసలో ఎడమ చివర ఉంటుంది. చిన్న క్యూ అయినా, పెద్ద క్యూ అయినా ఆగేలా సరిచేసి ఈ పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. ఎడమ చిటికెన వేలితోనే నొక్కాలి. కుడిచేత్తో నొక్కితే ఆటకు తెలియదు, దేవుడికి తెలుస్తుంది.

నీ చిట్టి

తల్లీ,

నీకు వెయ్యి దండాలు. పెద్దదాన్ని, పెట్టకూడదు, అయినా పెడుతున్నాను. ఆ వేలితో ఎంత ప్రయత్నించినా మీట కదల్లేదు. నిన్న మీ బాబాయి నా కుడిచెయ్యి పట్టుకుని, "లే లే, నా వంతు!" అని లాగారు. విసుగొచ్చి ఎడమచేత్తో ఆ మీట మీద ఒక్కటిచ్చాను. ఆట ఠక్కున ఆగింది. క్యూ అంతా గొల్లుమంది. డాక్టరమ్మ అయితే, "అయ్యో, నా వంతు రానేలేదు!" అంది. నేను మాత్రం వేలు చూసుకుంటూ కూర్చున్నాను. వంగింది తల్లీ!

ఇవాళ నీ చొక్కా కుట్టాను. దీంతోపాటే పంపుతున్నాను. ఒక గుండీ కాస్త వంకరగా ఉంటుంది. విప్పకు, అది ఆ వేలు పట్టుకున్న మొదటి గుండీ.

నీ పిన్ని

తా.క.: ఆట మళ్లీ మొదలెట్టాలంటే ఏ వరుసలో నిలబడాలని మీ బాబాయి అడుగుతున్నారు. ఇప్పటికే నిలబడ్డారు.