అంచున అలజడి తగ్గాలని

చిరంజీవి తమ్ముడికి, అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం వచ్చిన ఉదయం రోజూలాగే ఉంది. పొయ్యి మీద పాలు, సగం గడ్డానికి నురగతో మీ బావ, ప్రార్థనలో నేను. మా అమ్మాయి ఉత్తరం పైకి చదివింది. గ్రహం చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుందట, సూర్యుడి నుంచి వచ్చే గాలి దాని అంచుకు కొట్టుకుని ఒకటే అలలు, అలజడి అట. ఆరేళ్ళుగా నువ్వు దాంతోనే వేగుతున్నావట. కళ్ళు తెరవకుండానే, ఆ అలజడి చల్లారాలని వేడుకున్నాను. రోజూ వేడుకుంటున్నాను.

ఇట్లు,
అక్క

తా.క. ఆ ఉదయం ఆలోగా పాలు పొంగిపోయాయి. అక్కడ మాత్రం తగ్గే ఉంటుంది.

*

అక్కకు నమస్కారాలు.

కొంప ముంచావే అక్కా! పన్నెండు రోజులుగా ఆ అంచున చిన్న కదలిక లేదు. అక్కడున్నది ప్లాస్మా, అంటే విద్యుత్తు నిండిన వాయువు. దాని అలల్ని పట్టడమే అక్కడ తిరుగుతున్న మా పరికరం పని. నెలాఖరులోగా కొత్తదేమీ పట్టకపోతే దాన్ని శాశ్వతంగా ఆపేస్తారు. నా ఆరేళ్ళూ మట్టిపాలు. నీ ప్రార్థన వల్లేనని నేననను. అయినా ఆపు.

నీ తమ్ముడు

తా.క. పక్క సీటాయన మాత్రం నీ వల్లేనంటున్నాడు. వాళ్ళ అత్తగారి విషయం కూడా కాస్త చూడమంటున్నాడు.

*

తమ్ముడికి దీవెనలు.

ఆపాను. అలజడి కావాలని అడగబోతే నోరు రాలేదు. ఆ పని మీ బావకు అప్పగించాను. ఆయన దేవుడితో మాట్లాడి పాతికేళ్ళు. "ఏమండీ, మా బావమరిదికి కాస్త దుమారం ఇప్పించండి" అన్నారు.

అక్క

తా.క. సాయంత్రానికి మన వీధిలో గాలివాన. పక్కింటావిడ దుప్పటి ఇంకా దొరకలేదు. ఆ అంచు చిరునామా వివరంగా రాసి పంపు.

*

అక్కా, ప్రణామాలు.

బావని ఆపు! అక్కడ ఇంకా ప్రశాంతంగానే ఉంది, అదే మంచిదైంది. ఇన్నాళ్ళూ ఆ హోరులో తెలియని ఒక సన్నటి అల ఈ నిశ్శబ్దంలో మాకు చిక్కింది. ఇంతవరకు ఎవరూ చూడనిది. పరికరాన్ని ఇంకో రెండేళ్ళు నడుపుతారట. బాత్రూములో తలుపేసుకుని ఏడ్చాను. ఇంకొక్క నెల ప్రశాంతత అడుగుతావా?

తమ్ముడు

తా.క. అడగమన్నది మా డైరెక్టరు. ఆయన ఇలాంటివి నమ్మరు. ఉత్తరం పోస్టు చేశానా లేదా అని రెండుసార్లు అడిగారు.

*

తమ్ముడికి, ప్రేమతో.

ముందు తప్పు ఒప్పుకోవాలి. ఆపానని రాశాను గానీ, ఆగలేదు. కళ్ళు మూస్తే ఆ మాటే వచ్చేది. మీ బావ ఒక మూల దుమారం అడుగుతుంటే, నేను ఇంకో మూల వద్దంటూ కూర్చున్నాను.

సాయంత్రం ముగ్గురం మాట్లాడుకున్నాం. నెల నిశ్శబ్దం అడిగేద్దామంది అమ్మాయి. "రేపు వాడికి మళ్ళీ హోరు కావాలంటే, మనం మొహం ఎక్కడ పెట్టుకుంటాం?" అన్నారు మీ బావ. చివరికి, నీకేం కావాలో దేవుడికి మేము చెప్పడం మానేయాలని నిర్ణయించాం. రేపటి నుంచి ఆయన ముందు నీ పేరొక్కటే చెప్పి ఊరుకుంటాను.

అక్క