రెండు లెన్సుల సంచి

లాంటర్న్ కోవ్, న్యూఫౌండ్‌ల్యాండ్
13 మే 2019, సోమవారం

తమ్ముడు సిరిల్‌కు,

అక్క ఫిలమీనా ఆశీస్సులు. ఇక్కడ అమ్మ, రీటా, నేను లేచి తిరుగుతున్నాం, వేళకు ఇంత తింటున్నాం. హాలిఫాక్స్‌లో నువ్వూ అంతమాత్రమైనా ఉన్నావని తలుస్తాను. రోజూ జపమాలలో నీ పేరు చెప్పుకుంటున్నాను.

ఆ పవిత్ర గురువారం ఉదయం ఇంట్లో ఎలా గడిచిందో నీకెవరూ చెప్పలేదు. చూసినదాన్ని నేనొక్కదాన్నే.

ఆరున్నరకు మన చిన్నోడు ఆంబ్రోస్ కిందికి దిగాడు. రెండు జతల మేజోళ్లు వేసుకున్నాడు, పైజత నాన్నది. ఈస్టరు ముందరి ఉపవాసాల తపస్సుకాలం కాబట్టి వెన్న లేని రొట్టె, పాలు లేని టీ. రొట్టె పొయ్యి మీద కాల్చుకుని కిటికీ దగ్గర నిలబడే తిన్నాడు. ముందురోజు వచ్చిన మంచుకొండ రేవు మొగదల ఆగి ఉంది. దాన్ని చూస్తూ నమిలాడు. కొండంతా ఒక బొమ్మలో పట్టాలనీ, విరిగేటప్పుడు ఆ అంచొక్కటే పట్టాలనీ, రెండూ ఒక్క నిమిషంలోనే అయిపోతాయనీ చెప్పాడు.

"ఆ రాళ్ల మీద లెన్సు మార్చడమంటే, ఒంటికాలి మీద నిలబడి మేజోడు మార్చుకోవడమేనక్కా" అని నవ్వాడు.

తర్వాత, పోస్టులో తన పేరున ఏమైనా వచ్చిందా అని అడిగాడు. టీ చల్లారిపోతుంది, తాగు అన్నాను. తాగాడు. కప్పు కడిగి బోర్లించి, సంచి భుజాన వేసుకుని వెళ్లాడు. ఆ బరువుకు వాడి కుడిభుజం ఎప్పుడూ వాలే ఉండేది.

ఫిబ్రవరిలో వాడు నీ కెమెరాల దుకాణానికి చేసిన ఫోను ఇంటిల్లిపాదీ విన్నాం. దగ్గరివీ దూరానివీ అన్నీ ఒక్కదానితోనే తీసే జూమ్ లెన్సు కొనుక్కుంటానన్నాడు. ఉప్పు తుంపరలో మాటిమాటికీ కెమెరా నోరు తెరవలేనన్నాడు. నువ్వు పగలబడి నవ్వావు.

"ఒరేయ్, అన్నీ చేస్తానన్న లెన్సు ఏదీ సరిగ్గా చెయ్యదు. దగ్గరిది వంకర, దూరానిది మసక. అది పెళ్లిళ్లలో ఫొటోలు తీసే మామయ్యలకిరా. రెండు మొయ్యలేవూ? చేతులేమైనా అరిగిపోయాయా?"

అమ్మ కూడా నవ్వింది. అది ఇప్పుడు ఆమెకు గుర్తు లేదు. ఇరవై ఏళ్లుగా కౌంటరు వెనక నిలబడి అందరికీ చెప్తున్నదే నువ్వు వాడికీ చెప్పావు.

శనివారం మధ్యాహ్నం పడవలవాళ్లు వాణ్ణి నీళ్లలోంచి తీసి తెచ్చారు. ఆ సాయంత్రం శవం దగ్గర అందరం కూర్చుని ఉండగా పోలీసాయన రాళ్ల మీద దొరికిన సంచి తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. పొట్టి లెన్సు మూత లేకుండా అందులో ఉంది. పొడుగుది లేదు. దీనర్థం ఏమిటని అమ్మ అడిగింది. లెన్సు మారుస్తూ సముద్రానికి వీపు పెట్టి వంగి ఉండాలి, అల రావడం చూసి ఉండడు అని ఆయన నెమ్మదిగా చెప్పాడు. అప్పుడు అమ్మ నీవైపు చూసింది. నువ్వు కోటు తీసుకుని బయటికి వెళ్లిపోయావు. సమాధి చేసిన రోజు సమాధుల తోట కంచె బయటే నిలబడ్డావు. అక్కడినుంచి అటే వెళ్లిపోయావు.

మాతృదినానికి నువ్వు పంపిన కార్డు శుక్రవారం అందింది. అమ్మ దాన్ని విప్పకుండా గడియారం వెనక పెట్టింది.

నిన్న సాయంత్రం జపమాల అయ్యాక, ఈ శనివారం గుడిలో జరగాల్సిన వాడి నెల పూజ సంగతి మాట్లాడుకున్నాం. నిన్ను పిలవాలని రీటా పట్టుబట్టింది.

"సిరిల్ వాణ్ణి తొయ్యలేదమ్మా."

"తొయ్యలేదు" అంది అమ్మ. "రెండు మొయ్యమన్నాడు."

రీటా ఏడుస్తూ లేచిపోయింది. అమ్మ నావైపు తిరిగి, పెద్దదానివి, నువ్వేమంటావు అని అడిగింది. నీ ఇష్టమమ్మా అన్నాను. పూజకు నువ్వు రావద్దనీ, ఆ సంగతి నేనే రాయాలనీ నిర్ణయమైంది.

ప్రభువు నిన్ను కాపాడుగాక.

అక్క,
ఫిలమీనా

తా.క. ఆంబ్రోస్ నీ మాట వినలేదు. నీకు తెలియకుండా వేరే దుకాణంలో ఆ ఒక్క లెన్సుకే డబ్బు కట్టాడు. "సిరిల్‌కి చెప్పకక్కా, బతికున్నన్నాళ్లూ ఏడిపిస్తాడు" అన్నాడు. పార్సెలు పవిత్ర సోమవారం వచ్చింది. సంతకం చేసింది నేను. ఆ వారంలో మనింట్లో కొత్త వస్తువు విప్పరు కదా. వాడు ఆగలేడని తెలిసి నా మంచం కింద దాచాను. ఈస్టరు ఉదయం వాడి పళ్లెం పక్కన పెడదామనుకున్నాను. గురువారం వాడు అడిగితే టీ తాగమన్నాను.

పోలీసాయన చెప్పినప్పుడే నేను నోరు తెరవాల్సింది. అమ్మ చూపు నీమీద పడగానే నాకు ఊపిరి ఆడింది. ఫాదరు దగ్గర పాపసంకీర్తనంలో కూడా ఇది చెప్పలేదు. రోజూ ప్రార్థనకు మోకరిల్లితే ఆ అట్టపెట్టె అంచు మోకాళ్లకు తగులుతోంది.

అమ్మ కింద టీ పెడుతోంది. పెట్టె తీసుకుని దిగుతున్నాను.

శనివారం పూజ పది గంటలకు. నువ్వు రా. తర్వాత సమాధి దగ్గరికి వెళ్తారు. అక్కడ అమ్మ పక్కన నువ్వు నిలబడు. కంచె బయట నేనుంటాను.