మన లారీకి చిక్కటి ఆయిల్

మామయ్యగారికి కోడలి నమస్కారాలు.

ఆపరేషన్ అయి మీ కంటికి కట్టుంది కాబట్టి దీన్ని అత్తయ్యే చదువుతూ ఉంటారు. అత్తయ్యా, ఈ మాట మాత్రం గట్టిగా చదవండి: లారీని అమ్మొద్దు!

ఐదు లక్షల కిలోమీటర్లు తిరిగింది, నీలం పొగ కక్కుతోంది, ఇక తుక్కుకే అని మీరు బేరం కుదిర్చి ఆసుపత్రికి వెళ్లారు. నాకు మనసొప్పక మెకానిక్‌ని అడిగాను.

"ఇంజిన్ అరిగిందమ్మా, అంతే. కొత్త బండికి పోసే పల్చటి ఆయిల్ పోస్తే కాలిపోదూ? చిక్కటిది పోసి చూడండి" అన్నాడు.

ఆయిల్ షాపులో మీ అబ్బాయి రేసుకారు బొమ్మున్న పల్చటి ఆయిల్ డబ్బా పట్టుకుని వదలరు. "ఇది పోస్తే ఎగురుతుందే!" అంటారు.

"ఎగరక్కర్లేదండీ, ఇటుకలు మోస్తే చాలు" అన్నాను. షాపతను పగలబడి నవ్వాడు.

ఫిల్టర్ మార్పించి చిక్కటిదే పోయించాం. వారం నుంచి లోడుతో తిరుగుతోంది. పొగ బాగా తగ్గింది. రోజూ పొద్దున్నే కొలిచి చూస్తున్నాను, ఆయిల్ దాదాపు దిగడమే లేదు!

నిన్న ఇటుకబట్టీ దగ్గరి ఎత్తు లారీని ఎక్కించింది ఎవరనుకున్నారు? నేనే! లైసెన్స్ వచ్చాక లోడుతో ఇదే మొదలు. మీరు నేర్పినట్టే రెండో గేరులో, ఎక్కడా ఆపకుండా. మీ అబ్బాయి పక్క సీట్లో కళ్లు మూసుకున్నారు. పైకెక్కాక "నాకెప్పుడూ ఇంత సాఫీగా ఎక్కలేదే!" అన్నారు. నవ్వి నవ్వి నాకు కళ్లనీళ్లొచ్చాయి.

తుక్కు వ్యాపారికి మీరే ఫోన్ చేసి వద్దనండి. నేను చెబితే నమ్మడం లేదు.

ఆదివారం ఇంటికి రావడానికి మీరిద్దరూ బస్సెక్కకండి. లారీలో సీటు తుడిచి ఉంచాను. హారన్ వినగానే బయటికి రండి, నేనే వస్తున్నాను.

మీ కోడలు