మొదటి ఆప్షన్

తార్నాక,
6 మార్చి 2011

చిరంజీవి ధరణికి,

నాన్న దీవించి రాయునది. ఇక్కడ అమ్మ, నేను కులాసా. బంద్ లేని రోజు ఆఫీసుకు, ఉన్న రోజు కిటికీ దగ్గరకు వెళుతున్నాను. నువ్వు కులాసాగా లేవని నీ ఉత్తరమే చెప్పింది కాబట్టి, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాననే వాక్యం ఈసారి రాయడం లేదు.

మీ వార్డెన్ ఉత్తరాలు విప్పి చదువుతుందన్నావు. అందుకే దీన్ని పోస్టులో వేయకుండా అమ్మ చేతికిచ్చి పంపుతున్నాను. ఇందులో రాయబోయేదంతా ముందు అమ్మకే చెప్పాను. రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు.

నువ్వడిగినవి చెబుతాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. నువ్వూ సుజాతా ఉస్మానియా బిస్కెట్లు తినే ఇరానీ హోటల్ మూతపడలేదు, బంద్ రోజు కూడా సగం షట్టర్ ఎత్తి చాయ్ పోస్తున్నాడు. ఉస్మానియా క్యాంపస్ గేటు దగ్గర ముళ్లకంచె అలాగే ఉంది. పోయిన వారం బాష్పవాయువు మన మేడ దాకా వచ్చింది. వడియాలు పెడుతున్న అమ్మ కళ్లు నులుముకుంటూ, ఎవరిని తిట్టాలో తెలియక నన్ను తిడుతూ కిందికి దిగింది. నీ చివరి ప్రశ్నకు తర్వాత వస్తాను.

మీ ఇంజినీరింగ్ కాలేజీ సంగతులు చదివి ఒళ్లు మండింది. తనిఖీవాళ్లు వచ్చిన రోజు తప్ప ల్యాబ్ తాళం తీయరా? దసరాకు ఇళ్లకు వెళ్లిన లెక్చరర్లలో సగం మంది తిరిగి రానేలేదా? గుంటూరు స్టేషన్ నుంచి ఆ కాలేజీ గేటు దాకా ఉన్న ఫ్లెక్సీలు చూసి, అబ్బ ఏం పేరు అనుకున్నవాణ్ణి నేనే. పేరు గొప్ప, ఊరు దిబ్బ. నేను తెనాలి నుంచి ఇక్కడికి ఉద్యోగానికొచ్చిన కొత్తల్లో, కొడుకు క్యాంపస్‌లో చదువుతున్నాడంటే మా ఆఫీసులో ఆ తండ్రికి కుర్చీ వేసేవారు. ఇప్పటికీ గోడలవే, గేటూ అదే. టీవీలో లాఠీలు కనబడగానే "అక్కడికా పిల్లని పంపేది, బావా?" అన్నాడు మీ వెంకటకృష్ణ మామయ్య. లోపల పాఠాలు ఎలా చెబుతున్నారో అతనూ కనుక్కోలేదు, నేనూ కనుక్కోలేదు.

అక్కడి పిల్లలు నిన్ను "ఏయ్ తెలంగాణా" అని పిలుస్తున్నారని రాశావు. "గట్లనా" అంటే చాలు నవ్వుతున్నారని. ఇక్కడ నిన్ను ఆంధ్రా పిల్ల అంటారేమోనన్నది నా భయం. ఇన్నేళ్లలో ఒక్కరూ అనలేదు. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా తార్నాకలో చదివావు. కాగితాల ప్రకారం ఇక్కడ నువ్వు లోకల్. అలాంటి పిల్లను మన ఊళ్ల వైపు కదా అనుకుంటూ తీసుకెళ్లి, అక్కడ నాన్‌లోకల్‌గా చేర్చి వచ్చాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పోయిన ఆదివారం సామేలు వచ్చాడు, క్యాంపస్ లైబ్రరీలో అటెండర్, మీ సుజాత నాన్న. ఇంటర్నల్స్‌లో సుజాత ఫస్టు వచ్చిందట, మిఠాయి తెచ్చాడు. వెంట సుజాత కూడా ఉంది. "క్లాసులేమైనా జరుగుతున్నాయా అమ్మా?" అన్నాను, కాస్త ఎగతాళిగానే.

"బంద్‌ల గేట్లు మూస్తరు సార్, మా సార్లను మూస్తరా? మెస్ హాల్ల కూసోబెట్టి చెప్తున్నరు. సండే గూడ ఇడుస్తలేరు" అంది.

వెళ్లబోతూ గుమ్మంలో ఆగింది. "ధరణి నాతోని మాట్లాడుతలేదు సార్. దసరాకొచ్చినప్పుడు మొకం తిప్పుకొని పోయింది. నాకు రిజర్వేషన్ల సీటొచ్చిందని అన్నదట. నాది ఓపెన్ సీటు. గా మాట దానికెవరు చెప్పిన్రు?"

"ఊకో బిడ్డా" అన్నాడు సామేలు. నేను చేతిలోని మిఠాయి వైపు చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు నీ చివరి ప్రశ్న. "నిజంగా నా ర్యాంకుకు క్యాంపస్ రాలేదా నాన్నా?"

వచ్చేది తల్లీ. కౌన్సెలింగ్ కోసం నువ్వు చేత్తో రాసుకున్న ఆప్షన్ల కాగితంలో మొదటిది క్యాంపసే. నెట్ సెంటర్లో వాటిని ఎక్కించి మనిద్దరం ఇంటికొచ్చాక, సాయంత్రం దాకా గడువుంది, ఒకసారి సరిచూసి వస్తానని నీ దగ్గర పాస్‌వర్డ్ తీసుకుని ఒక్కణ్ణే వెళ్లాను. గుంటూరు కాలేజీని అన్నిటికన్నా పైకి ఎక్కించాను. నెట్ సెంటరామె "సేవ్ చేయమంటరా అంకుల్?" అని రెండుసార్లు అడిగింది. చేయమన్నాను. సీటు తెలిసిన రోజు నువ్వు ఏడుస్తుంటే, ర్యాంకు సరిపోలేదమ్మా అన్నాను. "నా వెనక ర్యాంకున్న సుజాతకు అక్కడ సీటెలా వచ్చింది?" అన్నావు. "వాళ్లకు రిజర్వేషన్లుంటాయి కదా" అన్నాను. ఆలోచించి చెప్పిన అబద్ధం కూడా కాదు, నోట్లో సిద్ధంగా ఉంది. నువ్వు వెంటనే నమ్మావు. అది తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నిన్న లైబ్రరీకి వెళ్లి సామేలుకు అంతా చెప్పాను. పుస్తకాలు సర్దడం ఆపలేదు. "మీ బిడ్డకు చేసింది మీ ఇంటి సంగతి సార్. నా బిడ్డను గా మాట అనకపోతుంటిరి" అన్నాడు. కూర్చోమని అనలేదు.

రెండో ఏడాదిలో కాలేజీ మారడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చట. ఖాళీలుంటేనే. క్యాంపస్‌లో ఉండకపోవచ్చు, నీకు ఆశ పెట్టను. దరఖాస్తు కాగితం అమ్మ తెస్తోంది. తండ్రి సంతకం కావలసిన చోట సంతకం పెట్టాను. పైన ఒక్క అక్షరం రాయలేదు. ఏ కాలేజీ అన్నది నువ్వే రాయి, వద్దనుకుంటే చించెయ్. ఏడు నెలలుగా నా గడ్డం సామాను పెట్టెలో దాచిన నీ ఆప్షన్ల కాగితం కూడా ఇందులోనే ఉంది. సుజాతకు చూపించాల్సి వస్తే పనికొస్తుంది.

ప్రతి ఉత్తరం కింద 'నీ మేలు కోరే' అని రాసేవాణ్ణి. ఈసారి కూడా అలవాటుగా రాసి, కొట్టేశాను.

ఇట్లు,
నాన్న